గుర్రపు స్వారీ వెస్టు: జూలీ క్రోన్ పుణ్యమా అని కొన్నది, మూడున్నర స్టార్లు

ముందు విషయం చెప్పేస్తాను, సోది తర్వాత. మా అమ్మాయికి 11 ఏళ్ళు, వారానికి ఒకరోజు గుర్రపు స్వారీ క్లాసుకి వెళ్తుంది. దానికోసం ఛాతీకి, వీపుకి అడ్డుగా వేసుకునే ఫోమ్ వెస్టు కొన్నాం. 140 డాలర్లయింది, ఎనిమిది నెలలుగా వాడుతున్నాం, ఈ మధ్యలో పిల్ల ఒకసారి గుర్రం మీంచి పడింది కూడా. వెస్టు తన పని తను చేసింది. జిప్పు మాత్రం దరిద్రం.

కంపెనీ పేరు, షాపు పేరు రాయడం లేదు. జిప్పుని తిట్టబోతున్నాను కదా, అదొకటి. పైగా నేను చెప్పేది చాలావరకు ఏ కంపెనీ వెస్టుకైనా పనికొస్తుంది. న్యూజెర్సీలో మనవాళ్ళ పిల్లలు ఈత, టెన్నిస్, కూచిపూడి అయ్యాక ఇప్పుడు గుర్రాల మీద పడ్డారు, మా అపార్ట్‌మెంట్లలోనే నాకు తెలిసి ముగ్గురున్నారు. ఆ తల్లిదండ్రుల కోసమే ఇది.

నేను పుట్టి పెరిగింది మలక్‌పేటలో. రేస్ కోర్సు గోడ పక్కనుంచే బడికి పోయేదాన్ని. రేసులున్న రోజు ఆటోలు దొరికేవి కావు, చేతిలో రేస్ బుక్కు మడత పెట్టుకుని నడిచే మగవాళ్ళతో రోడ్డంతా నిండిపోయేది, మా నాన్న మా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేసేవాడు. గుర్రాలంటే మా ఇంట్లో జూదమే, ఇంకో అర్థం లేదు. గోడవతల గుర్రం ఎలా ఉంటుందో కూడా నేను చూడలేదు, డెక్కల చప్పుడు మాత్రం తెలుసు. అలాంటి నా కడుపున పుట్టిన పిల్ల పదేళ్ళు నిండగానే నాకు గుర్రం నేర్పించండి అంటే ఏమనాలో తోచలేదు. మా ఆయనది తెనాలి, ఆయనకి తోచింది: "ఎక్కకుండా ఉంటే డబ్బులూ మిగులుతాయి, పక్కటెముకలూ మిగులుతాయి."

సరే, చేర్చాం. క్లాసు వాళ్ళు హెల్మెట్ తప్పనిసరి అన్నారు, వెస్టు మీ ఇష్టం అన్నారు. మీ ఇష్టం అన్నారు కాబట్టి నేను వద్దనుకున్నాను, అసలు నిజం అది. అప్పటికే బూట్లు, హెల్మెట్, ప్యాంటు అని 300 డాలర్లు వదిలాయి.

నా మనసు మార్చింది మా అమ్మాయికి నేర్పే టీచరు. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు ఇక్కడే ఓషన్‌పోర్ట్‌లోని మాన్‌మత్ పార్కు రేస్ కోర్సులో తెల్లారకముందే గుర్రాలకి కసరత్తు చేయించేదట. వెస్టు అవసరమా అని అడిగితే అవునని గానీ కాదని గానీ అనకుండా, "జూలీ క్రోన్ ఎవరో తెలుసా?" అంది. తెలియదన్నాను. "ఇంటికెళ్ళి చదువు, 1993 ఆగస్టు చదువు, తర్వాత నువ్వే కొంటావు" అని వెళ్ళిపోయింది. ఇలాంటి సేల్స్ టాక్ నేనెక్కడా వినలేదు.

ఆ రాత్రి చదవడం మొదలుపెడితే రెండయింది. 1993కి వెళ్ళే ముందు మిగతాదంతా చదవాల్సొచ్చింది, ఎందుకంటే ఆవిడ కథ ఎక్కడ పట్టుకున్నా ఆపబుద్ధి కాదు.

జూలీ క్రోన్ అంటే రేసు గుర్రాలు నడిపే జాకీ, 1963లో మిషిగన్‌లో పుట్టింది. తల్లికి గుర్రాలే లోకం. రెండేళ్ళ పిల్లని గుర్రం మీద కూర్చోబెట్టి, చూడండి ఈ గుర్రం ఎంత సాధువో అని కొనేవాళ్ళకి చూపించిందట ఆ తల్లి. గుర్రం నడుచుకుంటూ పోతే పిల్లే పగ్గం అందుకుని వెనక్కి తిప్పుకొచ్చిందట. ఇందులో ఇంట్లోవాళ్ళు కలిపిన మసాలా ఎంతో నాకు తెలియదు గానీ, తర్వాతది మాత్రం నాకు బాగా నచ్చింది: కెంటకీలోని చర్చిల్ డౌన్స్ రేస్ కోర్సులో పనికి వయసు చాలకపోతే, ఆ తల్లి బర్త్ సర్టిఫికెట్‌లో తేదీ దిద్దేసింది. మనకిది కొత్తా? నా సర్టిఫికెట్లలో పుట్టినరోజు జూన్ 1, నేను పుట్టింది కార్తీకమాసంలో. ఒకటో క్లాసులో వేయడానికి మా నాన్న చేసిన పని అది. ఆవిడ కూతుర్ని గుర్రాల దగ్గరికి పంపడానికి చేసింది, అంతే తేడా.

1978లో స్టీవ్ కాథెన్ అనే కుర్రాడు అఫర్మ్‌డ్ అనే గుర్రం మీద ట్రిపుల్ క్రౌన్, అంటే ఒకే ఏడాది మూడు పెద్ద రేసులూ, గెలవడం చూసి ఈ పిల్ల జాకీ అవుతానని తీర్మానించుకుంది. ఇక్కడొక మాట. నేను చెప్పేది ఫ్లాట్ రేసింగ్ గురించి, అంటే కంచెలూ గించెలూ దూకకుండా చదును నేల మీద పరిగెత్తించేది, మలక్‌పేటలో జరిగేది కూడా అదే. అప్పటికి అమెరికాలో ఆడవాళ్ళకి జాకీ లైసెన్సు దొరకడమే కొత్త. కాథీ కుస్నర్ 1968లో మేరీలాండ్‌లో కోర్టుకెక్కి తెచ్చుకుంది. 1969 ఫిబ్రవరిలో డయాన్ క్రంప్ ఫ్లోరిడాలోని హయలియాలో మొదటిసారి రేసులోకి దిగితే, జనంలోంచి ఆవిడని పోలీసులు దగ్గరుండి తీసుకెళ్ళాల్సొచ్చింది. గుర్రమెక్కడానికి పోలీసు కాపలా! అప్పుడు జూలీకి ఐదేళ్ళు.

ఆ దారి ఉంది కదా అని జూలీకి తివాచీ ఏమీ పరచలేదు. 17 ఏళ్ళకి ఫ్లోరిడాలో తాతగారింటికి వెళ్ళి, టాంపా బే డౌన్స్ రేస్ కోర్సులో గేటు దగ్గర లోపలికి రానివ్వకపోతే కంచె ఎక్కి దూకింది. 1981 ఫిబ్రవరి 12న అదే చోట లార్డ్ ఫార్కల్ అనే గుర్రం మీద మొదటి గెలుపు. ఎత్తు 4 అడుగుల పదిన్నర అంగుళాలు. మా అమ్మాయి ఇప్పటికే అంతకి దగ్గర్లో ఉంది, అది తెలిశాక అద్దం ముందు రోజూ కొలుచుకుంటోంది.

మా టీచరు ఆవిణ్ణి జూలీ అని ఇంట్లో మనిషిలా ఎందుకంటుందో తర్వాత అర్థమైంది. క్రోన్ పేరు తెచ్చుకున్నది మన న్యూజెర్సీలోనే. 1982, 83ల్లో అట్లాంటిక్ సిటీలో అందరికంటే ఎక్కువ రేసులు గెలిచింది, 1987 నుంచి వరుసగా మూడేళ్ళు మాన్‌మత్ పార్కులో ఆవిడే టాప్, మెడోలాండ్స్‌లో కూడా. పెద్ద రేస్ కోర్సులో సీజన్ మొత్తమ్మీద మగ జాకీలందరినీ వెనక్కి నెట్టి టైటిల్ కొట్టిన మొదటి ఆడమనిషి. నేను 18 ఏళ్ళుగా ఈ రాష్ట్రంలో ఉంటూ, ఎన్నిసార్లో పార్క్‌వే మీద మాన్‌మత్ బోర్డు దాటుకుని బీచికి పోతూ, ఈ పేరు వినలేదు. మనకి ఎడిసన్‌లో కొత్త దోశె పాయింట్ తెరిస్తే మాత్రం గంటలో తెలుస్తుంది.

1986లో మాన్‌మత్‌లోనే జరిగిన గొడవ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. రేసులో పక్క జాకీ కొరడాతో ఈవిడ మొహం మీద కొట్టాడు. రేసవగానే ఈవిడ వెళ్ళి వాణ్ణి గుద్దింది. వాడు ఈవిణ్ణి అక్కడున్న ఈతకొలనులోకి తోశాడు. ఈవిడ పైకొచ్చి కుర్చీ తీసుకుని వాణ్ణి వేసింది. ఇద్దరికీ జరిమానా పడింది. పిల్లలకి చెప్పదగ్గ కథ కాదని తెలుసు, అయినా చెప్పాను. మా అమ్మాయి మూడుసార్లు చెప్పించుకుంది.

ఇక 1993. జూన్ 5న న్యూయార్క్‌లో బెల్‌మాంట్ స్టేక్స్, ఒకటిన్నర మైళ్ళు, ట్రిపుల్ క్రౌన్ మూడు రేసుల్లో అన్నిటికంటే పొడుగు. క్రోన్ ఎక్కింది కొలోనియల్ అఫైర్, పందెం రేటు దాదాపు 14కి 1, అంటే పెద్దగా ఎవరూ నమ్మలేదు. రెండుంపావు గుర్రాల దూరంతో గెలిచింది. ట్రిపుల్ క్రౌన్ రేసు గెలిచిన మొదటి మహిళ. ఆ రేసు వీడియోలో ఒక సంగతి మాత్రం నేను మా అమ్మాయికి చూపించలేదు. అదే పరుగులో, ఆ మూడు రేసుల్లో రెండోదైన ప్రీక్‌నెస్ గెలిచి వచ్చిన ప్రెయిరీ బేయూ అనే గుర్రం కాలు విరిగి, దానికి ప్రాణం తీసే ఇంజక్షన్ ఇవ్వాల్సొచ్చింది. గెలిచిన సంబరమూ ఆ చావూ ఒకే మైదానంలో, రెండు నిమిషాల తేడాలో. ఈ ఆటని పూర్తిగా ఇష్టపడటం నా వల్ల కానిది ఇందుకే.

ఆగస్టులో న్యూయార్క్‌ రాష్ట్రంలోనే సారటోగా రేస్ కోర్సులో ఒకేరోజు ఐదు రేసులు గెలిచింది. సరిగ్గా పది రోజులకి, ఆగస్టు 30న, అదే చోట పడిపోయింది. కుడి చీలమండ నుజ్జయింది, తర్వాత రెండు ప్లేట్లు, 14 స్క్రూలు వేసి నిలబెట్టారు. కింద పడ్డ మనిషిని వెనకొస్తున్న గుర్రం ఛాతీ మీద తన్నింది, గుండెకి దెబ్బ తగిలింది. ఒంటి మీద రెండు పౌండ్ల వెస్టు ఉంది. అది లేకపోతే బతికేది కాదని చెప్తారు.

ఒంటిమీద గ్రాముల లెక్కన బరువు చూసుకునే వృత్తిలో, రెండు పౌండ్లు అదనంగా మోయడం ఏ జాకీకీ సరదా కాదు. ఆ రెండు పౌండ్ల తర్వాత ఏమేం జరిగాయో చూడండి: తొమ్మిది నెలలకి మళ్ళీ గుర్రమెక్కింది. 2000లో రేసింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, అక్కడా మొదటి మహిళ ఆవిడే. 1999లో మానేసి 2002లో మళ్ళీ వచ్చి, 40 ఏళ్ళ వయసులో, 2003లో, కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో క్యాండీ రైడ్ అనే గుర్రం మీద పసిఫిక్ క్లాసిక్ రేసుని కోర్సు రికార్డుతో గెలిచి, అక్టోబర్లో హాఫ్‌బ్రైడల్డ్ మీద, ఏటా జరిగే పెద్ద పోటీ బ్రీడర్స్ కప్‌లో ఒక రేసు గెలిచింది. బ్రీడర్స్ కప్‌లోనూ గెలిచిన మొదటి ఆడ జాకీ. మొదటి నుంచీ లెక్కేస్తే మొత్తం 3,704 గెలుపులు, గుర్రాలు సంపాదించిన ప్రైజు డబ్బు 9 కోట్ల డాలర్లకి పైగా. అందులో ఆ పడ్డ రోజు తర్వాతదంతా ఆ ఫోమ్ ముక్క పుణ్యమే. అర్ధరాత్రి రెండింటికి నేను ఫోన్లో "పిల్లల రైడింగ్ వెస్ట్" అని కొట్టాను.

ఇక్కడే నా మొదటి తప్పు. ఆన్‌లైన్‌లో ఫొటో బాగుందని 60 డాలర్లది ఆర్డర్ చేశాను. వచ్చింది, చూస్తే లోపల చీటీ మీద చిన్న అక్షరాల్లో, ఇది ఏ భద్రతా ప్రమాణం కిందా పరీక్షించింది కాదు అని ఉంది. అంటే అందమైన దిండు. వెనక్కి పంపాను. కొనేవాళ్ళు చూడాల్సింది ఇది: అమెరికాలో అయితే వెస్టు లోపల ఏఎస్‌టీఎం ఎఫ్1937 (ప్రమాణం పేరు) అని, ఎస్ఈఐ (పరీక్షించి ఒప్పుకున్న సంస్థ) అని ముద్ర ఉండాలి. యూరప్ సరుకైతే ఈఎన్ 13158 లెవల్ 3. లెవల్ 1 అనేది జాకీల కోసం పల్చగా, తేలిగ్గా చేసేది, పిల్లలకి అది చాలదు. ధర చూసి మోసపోకండి, ముద్ర లేకుండా ఖరీదైనవి కూడా ఉన్నాయి.

రెండోసారి షాపుకే వెళ్ళాం. గుర్రపు సామాన్లు మాత్రమే అమ్మే షాపు, మా ఇంటి నుంచి నలభై నిమిషాలు, లోపలికి అడుగుపెడితే తోలు వాసన, ఏదో నూనె వాసన. జీనులు గోడకి వరసగా వేలాడుతుంటే మా అమ్మాయి గుళ్ళోకి వచ్చినట్టు చెప్పులు విప్పుతుందేమో అనుకున్నాను. కౌంటర్లో ఉన్న కాలేజీ పిల్లకి ఐదు స్టార్లు ఇస్తాను, షాపుకి కాదు, ఆ పిల్లకి. "పెరిగే పిల్ల కదా, ఒక సైజు పెద్దది ఇవ్వు" అన్నాను నేను, మనకి అలవాటే కదా, స్కూల్ యూనిఫామ్ నుంచి పెళ్ళి జాకెట్టు దాకా లోపల కుట్టుకి గుడ్డ వదిలిపెట్టించుకుంటాం. ఆ పిల్ల మొహమాటం లేకుండా కుదరదంది. వదులుగా ఉంటే పడేటప్పుడు వెస్టు పైకి జారిపోతుంది, దెబ్బ తగిలే చోట అది ఉండదు. ఛాతీ, నడుము, భుజం మీంచి పొడుగు, మూడూ టేపుతో కొలిచింది. తర్వాత చెక్క గుర్రం మీద ఉన్న జీను ఎక్కి కూర్చోమంది, ఎందుకంటే నిలబడితే సరిపోయిన వెస్టు కూర్చుంటే జీనుకి తగిలి పైకి లేచి గడ్డం కింద గుచ్చుతుంది. వెనక వైపు వెన్ను చివరిదాకా రావాలి, జీనుకి తగలకూడదు. మొదటి రెండూ ఇలాగే తప్పిపోయాయి, మూడోది కుదిరింది. ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడుతుంది కాబట్టి పది నిమిషాలు వేసుకుని షాపంతా తిరగమంది. మా అమ్మాయి అరగంట తిరిగింది.

గాలితో ఉబ్బే వెస్టులు కూడా ఉన్నాయి, జీనుకి తాడు కడతారు, మనిషి విసిరేసినట్టు పడగానే తాడు లాగి గ్యాస్ సిలిండర్ విడుదలై బెలూన్‌లా ఉబ్బుతుంది. ధర మాది కంటే నాలుగైదు రెట్లు. దిగేటప్పుడు తాడు తీయడం మర్చిపోతే ఢామ్మని పేలి ఉబ్బుతుందట, గుర్రం బెదురుతుందట. మా అమ్మాయి టిఫిన్ డబ్బానే రోజూ స్కూల్లో మర్చిపోతుంది. వద్దన్నాను.

వీడియో కాల్‌లో మా అమ్మ చూసి "ఏందే అది, పోలీసోళ్ళ కోటు లెక్కుంది" అంది. నిజమే, అందం లేదు. నల్లటి మందపాటి పలకలు, వేసుకుంటే తాబేలు. జులైలో న్యూజెర్సీ ఉక్కకి అది వేసుకుని గంటసేపు ఎండలో ఉంటే లోపల టీషర్టు పిండుకోవచ్చు. దీనికి నేను మార్కులు తగ్గించను, ఏ ఫోమ్ వెస్టైనా అంతే. తగ్గించేది జిప్పుకి. రెండు నెలల్లో కిందివైపు పళ్ళు పట్టడం మానేశాయి, మైనం రుద్దాను, కొన్నాళ్ళు పనిచేసింది, మళ్ళీ మొదలు. షాపుకి తీసుకెళ్తే అది కంపెనీకి చెప్పాలన్నారు, కంపెనీకి ఈమెయిల్ పెడితే మూడు వారాలకి సమాధానం, ఫొటోలు పంపమని. పంపాను. మళ్ళీ మూడు వారాలు. చివరికి ఉచితంగానే మార్చారు, కానీ ఆ నెలన్నర పిల్ల వెస్టు లేకుండా క్లాసుకెళ్ళనని మొండికేసింది, అవతల ఫీజు ముందే కట్టేశాం. ఒక స్టారు అందుకే పోయింది. అరస్టారు పోయింది కడిగే సూచనల గురించి: వాషింగ్ మెషిన్‌లో వేయకూడదని, ఎండాకాలం కారు డిక్కీలో వదిలేయకూడదని, వేడికి ఫోమ్ పాడైపోతుందని పెట్టె మీద ఎక్కడా పెద్ద అక్షరాల్లో లేదు, ఆ షాపు పిల్ల చెప్పబట్టి తెలిసింది.

పడింది మార్చిలో. చిన్న పరుగు నేర్పుతున్నారు, గుర్రం ఏదో కవరు ఎగిరితే బెదిరి పక్కకి తప్పుకుంది, పిల్ల తప్పుకోలేదు. నేను కంచె బయట కాఫీ కప్పుతో ఉన్నాను. వీపు మీద పడింది, అక్కడున్న చెక్క దూలం అంచు తగిలింది. కాఫీ ఏమైందో గుర్తులేదు. టీచరు పరిగెత్తలేదు, నడుచుకుంటూ వచ్చింది, అది చూసి నాకు కాస్త ధైర్యమొచ్చింది. పిల్ల లేచి కూర్చుని మొదట అడిగింది గుర్రానికేమైనా అయిందా అని. వీపు మీద గీత కూడా లేదు. మోచెయ్యి మాత్రం దోక్కుపోయింది, అక్కడ వెస్టు ఉండదు కదా.

అది కూడా గుర్తుపెట్టుకోవాల్సిందే. వెస్టు కప్పినంతమేరే కాపాడుతుంది. క్రోన్ ఛాతీని కాపాడింది, చీలమండని కాపాడలేదు. 1995 జనవరిలో మళ్ళీ పడి చెయ్యి విరిగినప్పుడు దాన్నీ కాపాడలేదు. ఆ రెండు ప్రమాదాల తర్వాత ఆవిడకి గుర్రమెక్కాలంటేనే భయం పట్టుకుంది, మనసు బాగా దెబ్బతింది, చికిత్స తీసుకుంది, ఆ విషయం దాచుకోకుండా బయటికి చెప్పింది. కుర్చీ ఎత్తి కొట్టిన మనిషి ఇది కూడా చెప్పగలిగిందంటే నాకు బెల్‌మాంట్ కంటే అదే పెద్దగా అనిపించింది. మా అమ్మాయి పడ్డ తర్వాతి వారం కడుపునొప్పి అంది, ఆ పై వారం తలనొప్పి అంది. నేను అర్థం చేసుకుని ఏమీ అనలేదు, మా ఆయన సంతోషంగా ఫీజు మానేద్దామా అన్నాడు. మూడో వారం తనే బూట్లేసుకుని కారు దగ్గర నిలబడింది.

ఇంటికొచ్చాక వెస్టు పరీక్షించాను. దూలం తగిలిన చోట ఫోమ్ లోపలికి నొక్కుకుపోయి ఉంది. అరగంటలో మళ్ళీ మామూలు ఆకారానికి రాకపోతే ఆ వెస్టు పని అయిపోయినట్టే అని షాపు పిల్ల చెప్పి ఉంది. వంటింటి బల్ల మీద పెట్టి, గడియారం చూసుకుంటూ, పప్పు కుక్కరు పెట్టి, నాలుగు విజిల్సయ్యాక చూశాను. ఇరవై నిమిషాలకి చాలావరకు, అరగంటకి పూర్తిగా సర్దుకుంది. వాడుతున్నాం.

ఇంకో ఆరు నెలల్లో పొట్టిదైపోతుంది, పిల్ల ఎదుగుతోంది. మా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో ఒకావిడ అప్పుడే అడిగింది, "అక్కా, మీ పాపకి పట్టకపోతే మా వాడికి 50 డాలర్లకి ఇస్తారా?" అని. బూట్లు ఇస్తానన్నాను, ప్యాంటు ఊరికే తీసుకోమన్నాను. వెస్టు మాత్రం ఇవ్వనన్నాను. ఒకసారి దెబ్బ తిన్నది, పైకి కనపడకపోయినా లోపల ఎంత మిగిలిందో నాకు తెలియదు. ఆవిడకి కోపమొచ్చినట్టుంది, నీలం టిక్కులు పడ్డాయి గానీ రిప్లై లేదు.